రాక్షసబల్లుల నేలను కొలిచిన విలియం కింగ్

నెల్లూరు: మైపాడు, కోడూరు తీరాల్లో నిలబడి తూర్పునకు చూస్తే కనుచూపు మేర నీరే. పద్దెనిమిది కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ సముద్రం లేదు. నేటి నెల్లూరు తీరానికి ఆవల మంచు లేని అంటార్కిటికా భూభాగం ఆనుకొని ఉండేది. జురాసిక్ యుగంగా శాస్త్రవేత్తలు పిలిచే ఆ కాలంలో, ఒక్కటిగా ఉన్న ఆ మహాఖండంలో భారీ మాంసాహార డైనోసార్లు సంచరించాయి. తెలుగు నేలపై వాటి ఆనవాళ్లు లభించిన ప్రాంతం ఒక్కటే. అది ప్రాణహిత ఒడ్డునున్న కోటా శిలాశ్రేణి. నెల్లూరు రాళ్లను తొలిసారి క్రమపద్ధతిలో వివరించిన వ్యక్తే ఆ శ్రేణిని కూడా పటంలోకి ఎక్కించారు. ఆయనే విలియం కింగ్. సింగరేణి బొగ్గును వెలుగులోకి తెచ్చిన డాక్టర్ కింగ్‌గా గనుల ప్రాంతానికి సుపరిచితుడైన ఈ శాస్త్రవేత్తకు నెల్లూరుతోనూ, రాక్షసబల్లులతోనూ ఉన్న సంబంధం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

కింగ్‌ది రాళ్లతోనే బతికిన కుటుంబం. ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండ్‌లోని గాల్వే నగరంలో క్వీన్స్ కళాశాల భూగర్భశాస్త్ర ఆచార్యుడు. జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో దొరికిన పుర్రె పైభాగపు నమూనాను పరిశీలించి, అది నేటి మనిషిది కాదని, మరో జాతి మానవునిదని వాదించిన పండితుడాయన. ఆ జాతికి హోమో నియాండర్తలెన్సిస్ అని 1864లో పేరు పెట్టింది ఆయనే. కొద్దిపాటి ఎముకలను ఆధారం చేసుకొని అంతరించిన జీవికి పేరు పెట్టడం ఎంతటి సాహసమో ఆ ఇంట్లో అందరికీ తెలిసే ఉండాలి. తండ్రి పెట్టిన పేరు నేటికీ నిలిచి ఉంది. కొడుకు నడిచిన నేలలో శతాబ్దం తర్వాత దొరికిన ఎముక ముక్కకు పెట్టిన పేరుకు అంతటి అదృష్టం దక్కలేదు.

థామస్ ఓల్డ్‌హామ్ సారథ్యంలో 1851లో కార్యకలాపాలు ఆరంభించిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో కింగ్ 1857లో చేరారు. సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడాది అది. ఆయనకు దక్కినది మద్రాసు రాష్ట్రం. తర్వాతి ఏడాది చేరిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆయనకు చిరకాల సహచరుడయ్యారు. సేలం, తిరుచిరాపల్లి, తంజావూరు, దక్షిణ ఆర్కాటు జిల్లాల భూనిర్మాణంపై ఇద్దరూ కలిసి రాసిన నివేదిక 1864లో వెలువడింది. అంతకుముందు ఏడాది, 1863 సెప్టెంబరు 28న, మద్రాసుకు వాయవ్యంగా కుశస్థలి నది పరీవాహకంలోని అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొన్నదీ ఈ ఇద్దరే. మే నెలలో పల్లావరంలో ఫుట్‌కు దొరికిన రాతిగొడ్డలితో కలిపి భారత ప్రాక్చరిత్ర అధ్యయనానికి నాంది పలికిన అన్వేషణలివి. ఆ ఖ్యాతి దాదాపు మొత్తం ఫుట్‌కే దక్కింది. కింగ్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక పక్క వాక్యంగా మిగిలిపోయింది.

ఆనాటి సర్వే పని అంటే చలికాలమంతా గుడారాల్లో బతకడం. వర్షాలు తగ్గాక ఎడ్లబండ్లతో బయలుదేరి, ఎండలు ముదిరేదాకా వాగులూ గట్లూ పట్టుకొని తిరగడం. వాగు కోసిన గట్టులోనే రాతిపొరలు కనిపిస్తాయి కాబట్టి భూగర్భ శాస్త్రవేత్తకు బాటలకంటే వాగులే ముఖ్యం. చూసిన ప్రతి రాయినీ, అది ఏ దిక్కుకు ఎంత వాలిందో పటంపై గుర్తించి, వేసవిలో కార్యాలయానికి చేరి నివేదిక రాయాలి. అధికారికి దారి చూపిన పల్లెవాసులూ, బరువులు మోసిన కూలీలూ ఆ నివేదికల్లోకి ఎక్కలేదు.

కడప రాళ్లకు తెలుగు పేర్లు

కింగ్‌కు పేరు తెచ్చిన తొలి పెద్ద గ్రంథం కడప, కర్నూలు శిలలపై 1872లో వచ్చింది. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అంటూ నదుల పేర్లూ కొండల పేర్లే ఆయన శిలాసమూహాలకు పెట్టారు. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, నంద్యాల, కోయిలకుంట్ల, వేంపల్లె పేర్లు ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఆయన చలువతోనే. సీమ పల్లెల పేర్లను విదేశీ విద్యార్థులు పరీక్షల్లో రాయవలసి రావడం చిన్న విశేషమేమీ కాదు. ఆ రాళ్లు అతి ప్రాచీనమైనవి. అవి ఏర్పడేనాటికి ఎముకలున్న జంతువే పుట్టలేదు. వజ్రాలు దొరికాయి గానీ శిలాజాల కోసం వెతికేవారికి అక్కడ పెద్దగా ఫలం లేదు.

ఆ తూర్పు అంచునే వెలిగొండలు దిగితే నెల్లూరు సీమ. కర్ణాటకంలోని నెల్లూరు భాగపు శిలలపై కింగ్ రాసిన నివేదిక సర్వేక్షణ సంస్థ పదహారవ సంపుటంలో 1880లో ప్రచురితమైంది. ధాత కరువు ముగిసి అప్పటికి రెండేళ్లే. ఉదయగిరి కొండల నుంచి తీరందాకా జిల్లాను ఆయన మూడు పట్టీలుగా చూశారు. పడమట వెలిగొండల క్వార్ట్‌జైట్లు. మధ్యన విస్తారంగా పరుచుకున్న నైస్, షిస్ట్ శిలలు. తూర్పున లేటరైట్ ఎర్రరాయి, ఒండ్రు, ఇసుక. ఆ మధ్య పట్టీలోనే గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకం ఉంది. జిల్లా వాసులు కాకిబంగారమని పిలిచే ఆ ఖనిజం పందొమ్మిదో శతాబ్దం చివర్లో గనుల పరిశ్రమగా ఎదిగి నెల్లూరు పేరును విదేశాలకు మోసింది.

నెల్లూరులో డైనోసార్ ఎందుకు లేదు?

ఈ మూడు పట్టీల్లోనే ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. పడమటి రాళ్లూ మధ్య రాళ్లూ డైనోసార్ల కంటే ఎంతో ముందటివి. తీరపు ఇసుక, ఒండ్రు నిన్నమొన్నటివి. నడుమ ఉండవలసిన పేజీలు నేటి నెల్లూరు జిల్లా నేలపై దాదాపు లేవు. రాక్షసబల్లులు ఇక్కడ తిరగలేదని దీనికి అర్థం కాదు. అవి తిరిగిన నేల కాలక్రమంలో కొట్టుకుపోయి ఉండవచ్చు, ఒండ్రు కిందనో సముద్రం అడుగునో ఉండిపోయి ఉండవచ్చు.

చిరిగిన ఆ పేజీల్లో ఒకటి రెండు మాత్రం ఒంగోలు చుట్టుపక్కల మిగిలాయి. కింగ్ కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది, 1970లో ప్రకాశం జిల్లాకు కేంద్రమైంది. అక్కడి వేమవరం, బూదవాడ, పావులూరు పరిసరాల్లోని పలకరాళ్లనూ ఇసుకరాళ్లనూ పరిశీలించే పని ఫుట్‌కు దక్కింది. ఆయన నివేదిక 1879లో వచ్చింది. వేమవరం రాళ్లలో ఈతచెట్టును తలపించే సైకాడ్ జాతి మొక్కల ఆకులు అచ్చుగుద్దినట్లు కనిపించాయి. సర్వేక్షణ సంస్థకు చెందిన ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ వాటిని వర్ణించారు. ఆకుల ఆధారంగా ఈ రాళ్లు జురాసిక్ యుగపువేనని అప్పట్లో భావించారు.

అయితే ఆ ఆకుల శ్రేణిలోనే సముద్రజీవుల గుల్లలూ ఉన్నాయి. బూదవాడ ఇసుకరాతిలోని అమ్మోనైట్‌లను బ్రిటిష్ శాస్త్రవేత్త స్పాత్ 1933లో పరిశీలించి ఒకదానికి పాస్కోయిటెస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టారు. వాటిని బట్టి చూస్తే ఆ రాళ్లు జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ యుగపు తొలినాళ్లవి. అంటే, అంటార్కిటికా విడిపోతూ తూర్పుతీరం తెరుచుకొని, తొలిసారి సముద్రపు నీరు ఇటు ప్రవేశించిన కాలపు సాక్ష్యాలవి. నెల్లూరు తీరం పుట్టిన కథ ఒంగోలు గులకల్లో దొరికిందన్నమాట. కింగ్‌కు గానీ ఫుట్‌కు గానీ ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ఖండాలు కదులుతాయన్న వాదనను వెగెనర్ ముందుకు తెచ్చింది 1912లో. ఫుట్ మరణించిందీ ఆ ఏడాదే. కింగ్ అప్పటికి లేరు.

కింగ్ మాత్రం తీరం వెంట ఉత్తరానికి సాగారు. గోదావరి జిల్లా తీరప్రాంతంలో గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి అని మూడు శ్రేణులను గుర్తించి 1880లోనే మరో నివేదిక ఇచ్చారు. ఈ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు, ఏలూరు దాపున ఉన్న చిన్న తిరుపతి, ద్వారకా తిరుమల. ఈ పేరు చూసి ఏడుకొండల తిరుపతికి వెళ్లి ఆ రాయి కోసం వెతికితే శ్రమే మిగులుతుంది.

రాక్షసి బొగ్గు కోసం వెళితే...

ప్రభుత్వం కింగ్‌ను గోదావరి లోయకు పంపింది రాక్షసబల్లుల కోసం కాదు, రాక్షసి బొగ్గు కోసం. రైళ్లు వచ్చాయి, వాటికి కావలసిన బొగ్గు దక్షిణాదిలో లేదు. బెంగాల్ నుంచో సీమ నుంచో తెచ్చుకోవాలి. భద్రాచలం యాత్రకు వెళ్తున్న భక్తులు ఇల్లెందు దగ్గర పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకుని మండాయని గనుల ప్రాంతంలో ఒక కథ తరతరాలుగా ప్రచారంలో ఉంది. దాని నిజానిజాలు ఎలా ఉన్నా, నిజాం రాజ్యపు ఆగ్నేయ భాగంలో కొత్త బొగ్గు క్షేత్రం ఉన్నదన్న కింగ్ నివేదిక 1872లో అచ్చయింది. సింగరేణి గ్రామం పేరుతో అది ప్రసిద్ధమైంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1920 డిసెంబరులో నేటి సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అక్కడి ప్రధాన బొగ్గు పొరకు కింగ్ సీమ్ అన్న పేరు ఆయనను బట్టి వచ్చిందే. దాని తోడు పొరను క్వీన్ సీమ్ అనడం గనుల వాళ్ల చమత్కారం.

బొగ్గు ఎక్కడ ఉందో చెప్పాలంటే బొగ్గు లేని రాళ్లేవో కూడా చెప్పగలగాలి. అందుకే కింగ్ లోయ మొత్తాన్ని కొలిచారు. గోదావరి లోయలో రాతిపొరలు ఈశాన్యానికి వాలి ఉంటాయి. నైరుతి అంచున ఇల్లెందు, బెల్లంపల్లి వైపు బొగ్గును మోసే పాత పొరలు పైకి తేలితే, ఈశాన్యంగా ప్రాణహిత దిశగా నడిచేకొద్దీ మరింత కొత్త పొరలు వస్తాయి. మధ్యన ఎర్రమట్టి మలేరి పొరలు. వాటిని దాటాక, నది దగ్గర, ఇసుకరాయీ సున్నపురాయీ కలిసిన కోటా పొరలు. ఆపైన చికియాల ఇసుకరాళ్లు, ఇది కింగ్ పెట్టిన పేరే. బొగ్గు గని నుంచి తూర్పుగా నడిచిన మనిషి కాలంలో కోట్ల ఏళ్లు ముందుకు నడుస్తాడు.

కోటా గ్రామం సిరొంచకు ఎగువన ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉంది, నేడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు 1850 ప్రాంతం నుంచే తెలుసు. డాక్టర్ వాకర్ సేకరించిన చేపను లండన్‌లో లెపిడోటెస్ దక్కనెన్సిస్‌గా గుర్తించారు. నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ మలేరి నుంచి సరీసృపాల ఎముకలు, ఊపిరితిత్తుల చేపల పళ్లు పోగుచేశారు. అవి థామస్ హక్స్‌లీ వంటి ఉద్దండుల బల్లల మీదికి చేరాయి. కింగ్ ఆ చెదురుమదురు వార్తలను నేలతో ముడిపెట్టారు. ఏ ఎముక ఏ పొరలోనిది, ఆ పొర ఎక్కడ మొదలై ఎక్కడ కనుమరుగవుతుంది అన్నది 1881లో వెలువడిన ప్రాణహిత గోదావరి లోయ నివేదికలో పటంతో సహా వివరించారు. మలేరి, కోటా పొరలను కలిపి ఒకే శ్రేణిగా చూపడం ఆయన పరిమితి. మలేరి ట్రయాసిక్ యుగానిదనీ, కోటా జురాసిక్‌దనీ తర్వాతివారు విడదీశారు. ఆ విడదీతకు కూడా ఆయన పటమే ప్రాతిపదిక అయింది.

డైనోసార్ అన్న మాట అప్పటికే ఉంది. రిచర్డ్ ఓవెన్ దాన్ని 1842లో కల్పించారు. జబల్‌పూర్ వద్ద 1828లోనే స్లీమన్‌కు దొరికిన ఎముకల ఆధారంగా టైటనోసారస్ పేరును లిడెక్కర్ 1877లో ప్రకటించారు. కింగ్ ప్రాణహిత నివేదికకు నాలుగేళ్ల ముందు మాటే ఇది. అయినా కోటా పొరల్లో ఒక మహాజంతువు ఉందని ఎవరికీ తోచలేదు. చేపలు దొరికే చోట చేపల కోసమే వెతకడం మానవ సహజం.

తిరువాన్కూరులో వర్కల కొండచరియల రాళ్లను 1882లో వర్ణించిన తర్వాత కింగ్ పరిపాలన వైపు మళ్లారు. మెడ్లికాట్ విరమణతో 1887లో సర్వేక్షణ సంస్థ డైరెక్టర్‌గా కలకత్తా పీఠమెక్కి 1894 వరకు కొనసాగారు. 1900లో మరణించారు.

పటం పట్టుకొని వెళ్లినవారు

కోటా నేల నోరు విప్పడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో మహలనోబిస్ భూగర్భ అధ్యయన విభాగాన్ని నెలకొల్పి, లండన్ నుంచి పమేలా రాబిన్సన్‌ను ఆహ్వానించారు. సిరొంచ సమీపంలోని పోచంపల్లి వద్ద 1958, 1961 మధ్య జరిగిన తవ్వకాల్లో సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. దాదాపు 14 మీటర్ల పొడవున్న ఆ శాకాహారికి బరాపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. పెద్ద కాలు బల్లి అని దాని అర్థం. తవ్వకాల ఏడాది రవీంద్రుని శతజయంతి కావడంతో కవి పేరు చేరింది. ఆ తర్వాత పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర భూగర్భ సర్వేక్షణ సంస్థ తవ్వకాల్లో పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు లభించాయి. సంస్థ శాస్త్రవేత్త పి.యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో పిల్లలు మెడలెత్తి చూసే అస్థిపంజరం అదే.

మందలు మందలుగా శాకాహారులుంటే వాటిని వేటాడే జంతువు ఉండక తప్పదు. దాని జాడ కూడా యాదగిరికే చిక్కింది. కోటా పొరల్లో దొరికిన భారీ మాంసాహారి అవశేషాలను ఆయన 1982లో వివరించి, దండకారణ్యం పేరు మీదుగా దండకోసారస్ ఇండికస్ అన్నారు. తెలుగు నేల నుంచి జురాసిక్ పెద్ద వేటజంతువుకు దక్కిన పేరు ఇదొక్కటే. కానీ ఆ పేరుకు మూలాధారం తుంటి భాగంలోని జఘనాస్థి ముక్క మాత్రమే. ఏ కుటుంబానికి చెందిన జంతువో తేల్చడానికి అది చాలదని తర్వాతి పరిశోధకులు భావించారు. సందేహాస్పద నామాల జాబితాలో దాన్ని చేర్చారు. గాల్వే ఆచార్యుని పుర్రెముక్కకు తోడుగా తర్వాత ఎన్నో అస్థిపంజరాలు దొరికాయి. దండకోసారస్‌కు ఇంతవరకు అటువంటి తోడు దొరకలేదు.

వేటజంతువుల శిలాజాలు అరుదుగా దొరకడానికి కారణం తేలికే. వంద జింకలున్న అడవిలో పులులు ఒకటో రెండో ఉంటాయి. ఒకప్పుడు మనతో కలిసి ఉన్న అంటార్కిటికాలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. కర్క్‌పాట్రిక్ పర్వతంపై 1991లో బయటపడిన క్రయోలోఫోసారస్ ఆరు మీటర్లు దాటిన జురాసిక్ మాంసాహారి. నడుమ సముద్రం లేని ఆ రోజుల్లో దానికీ కోటా జంతువుకూ చుట్టరికం ఉండేదా అన్నది జఘనాస్థి ముక్క ఒక్కటి చెప్పలేని సంగతి.

అన్వేషణ ఆగలేదు. ఆదిలాబాద్ ప్రాంతపు పైకసిగూడెం పరిసరాల కోటా మట్టిని జల్లెడ పట్టిన పరిశోధకులు మాంసాహార డైనోసార్ల చిన్న పళ్లను గుర్తించి 2020లో ప్రకటించారు. ఈ రాళ్ల వయసు మధ్య జురాసిక్ దాకా రావచ్చునని వారి వాదన. మలేరి పొరల్లో అన్నారం గ్రామం వద్ద భారత గణాంక సంస్థకు దశాబ్దాల క్రితం లభించిన ఎముకలకు 2025లో మలేరిరాప్టర్ కుట్టియి అన్న పేరు వచ్చింది. అది జురాసిక్‌కు ముందటి, ఇరవై రెండు కోట్ల ఏళ్ల నాటి మాంసాహారి. శాస్త్రానికి అది ఇచ్చిన మొదటి మాట మలేరి, కింగ్ 1881 నాటి పటంలో ఎర్రమట్టి పట్టీగా రంగు వేసిన పేరు. కోటా పట్టీలో అధికభాగం నేటికీ ప్రాణహిత అడవుల కిందా, పత్తి చేల కిందా తవ్వకానికి నోచుకోకుండా ఉంది.